పేరు తేలని కీళ్ళవాపు

ముందుగా ఒక ఇంటి సంగతి చెప్పాలి. ఊరి పేరు, మనిషి పేరు అక్కరలేదు. ఇలాంటి ఇల్లు మీ వీధిలోనే వుండవచ్చు.

గోదావరి డెల్టాలో ఒక పల్లె. ఆమెకు 38 ఏళ్ళు, ఇద్దరు పిల్లల తల్లి. నాట్లకు, కలుపుకు వెళ్తుంది. ఇంటి దగ్గర ఒక పాడిగేదె. క్రిస్మస్ దాటి దాళ్వా నాట్లు మొదలైన రోజుల్లో ఒక తెల్లవారుజామున గేదె దగ్గర కూర్చుంటే పాలు పితకడానికి వేళ్ళు ముడుచుకోలేదు. పొద్దెక్కాక కాస్త సడలాయి. “రోజంతా నీళ్ళలో నానుతున్నాయి కదా, అందుకే” అనుకుంది. వారం గడిచేసరికి రెండు చేతుల మణికట్లు, వేళ్ళ మొదటి కణుపులు వాచాయి. ఉంగరం వేలినుండి రాలేదు. అత్తగారు కొబ్బరినూనెలో కర్పూరం కాచి రాసింది. ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టరు సూది వేశాడు. రెండు రోజులు హాయిగా వుండేది, మూడోరోజు మళ్ళీ మామూలే. ఇలా పది వారాలు గడిచాయి.

చివరికి చుట్టాలెవరో చెబితే పట్నంలో కీళ్ళజబ్బుల డాక్టరుగారి దగ్గరకు వెళ్ళారు. ఆయన ఒక్కొక్క కీలూ నొక్కి చూశారు. రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు తీయించారు. అన్నీ చూసి, “అమ్మా, ఇది వాపుతో వచ్చే కీళ్ళజబ్బే. అయితే అందులో ఏ రకమో ఈ రోజు చెప్పలేను. మందు మాత్రం ఈ రోజే మొదలుపెడదాం” అన్నారు.

బస్టాండులో భర్త ఊరుకోలేకపోయాడు. “డాక్టరుకే పేరు తెలియదంట! పేరు తెలియని జబ్బుకు మందేమిటి? ఇంకోచోట చూపిద్దాం, లేకపోతే పేరు తేలాకే వేసుకుందువుగాని” అన్నాడు.

“ఏమోనండి, నాకూ అదే అనిపిస్తోంది” అంది ఆమె.

వారి అనుమానం సహజమైనదే. చాలా ఇళ్ళలో ఈ ఒక్క అనుమానంతోనే మందుల చీటీ అటకెక్కుతుంది. ఆ ప్రశ్నకు జవాబు తెలుసుకోవాలంటే ముందు కీలు లోపల ఏమి జరుగుతుందో చూడాలి.

అరుగుదల వేరు, వాపు వేరు

కీళ్ళనొప్పులన్నిటినీ మనం “వాతం” అనే ఒక్క మాటతో సరిపెడతాం. కాని వాటిలో రెండు పెద్ద తెగలున్నాయి. ఒకటి అరుగుదల. వయసు పైబడినకొద్దీ, బరువు పెరిగినకొద్దీ మోకాళ్ళలో ఎముకల చివర వుండే నున్నని మృదులాస్థి అరిగిపోతుంది. పనిచేస్తే నొప్పి, కూర్చుంటే ఉపశమనం. ఉదయం బిగుతు వున్నా కొద్ది నిమిషాల్లో పోతుంది.

రెండవది వాపుజబ్బు. ప్రతి కీలు లోపలా పలుచని పొర ఒకటి వుంటుంది. బండి ఇరుసుకు కందెనలాగా కీలుకు జిగటనీరు ఇచ్చేది ఆ పొరే. రోగక్రిములనుండి మనలను కాపాడవలసిన రక్షణశక్తి దారితప్పి ఆ పొరమీదికే వస్తే, పొర ఉబ్బి మందమవుతుంది. నీరు చేరుతుంది. అలాగే వదిలేస్తే ఆ మందపాటి పొర పక్కనున్న మృదులాస్థిని, ఎముకను తినివేస్తుంది. ఒకసారి తిన్న ఎముకను ఏ మందూ తిరిగి పెట్టలేదు. వేళ్ళు పక్కకు వంగిపోయిన ముసలివారిని మీరు చూసే వుంటారు. ఆ వంకర ఒక్కరోజులో వచ్చినది కాదు. తొలి నెలల్లో, తొలి సంవత్సరాల్లో ఆపని వాపు మిగిల్చి పోయినది.

ఇంట్లోనే గుర్తుపట్టడానికి నాలుగు ఆనవాళ్ళు వున్నాయి. ఉదయం లేచాక కీళ్ళ బిగుతు అరగంటకు మించి, కొందరిలో గంటకు పైగా వుంటుంది. వాచిన చోట నొక్కితే ఎముకలా గట్టిగా కాక మెత్తగా తగులుతుంది. చేతివేళ్ళ కణుపులన్నిటినీ కలిపి మెల్లగా పిండితే, లేదా ఎవరైనా కరచాలనం చేస్తే నొప్పితో చేయి వెనక్కు లాక్కుంటారు. విశ్రాంతి తీసుకుంటే బిగుతు పెరుగుతుంది, కదిలితే తగ్గుతుంది. ఇలాంటి వాపు తగ్గకుండా వుంటే, మొదలైన 6 వారాలలోపే కీళ్ళజబ్బుల నిపుణునికి చూపించాలని ఐరోపా వైద్యుల సంఘం 2016లో సవరించిన సూచనలలో చెప్పింది. ఈ నిపుణుని రుమటాలజిస్టు అంటారు. ఎముకలు విరిగితే కట్టుకట్టే డాక్టరు వేరు, ఈయన వేరు.

ఒక హెచ్చరిక. ఒకే ఒక కీలు ఉన్నట్టుండి ఎర్రబడి, వేడెక్కి, జ్వరంతో కదపలేనంతగా నొప్పి పెడితే 6 వారాలు కాదు, 6 గంటలు కూడా ఆగకూడదు. కీలులో చీము పట్టి వుండవచ్చు. అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాలి.

పేరు ఎందుకు తేలదు?

నారుమడిలో వరినారు పక్కనే ఊద మొలుస్తుంది. మొలక దశలో రెండూ ఒకేలాగా వుంటాయి. కాస్త ఎదిగాకనే ఇది వరి, ఇది ఊద అని చేయితిరిగిన రైతు కూడా చెప్పగలడు. కీళ్ళవాపు సంగతి కూడా అంతే. రుమటాయిడ్ ఆర్థరైటిస్, సోరియాసిస్‌తో వచ్చే కీళ్ళజబ్బు, లూపస్, గౌట్ వీటన్నిటికీ వేరువేరు గుర్తులున్నాయి. కాని మొదటి వారాల్లో ఆ గుర్తులన్నీ బయటపడవు. వాపు నిజమే, పేరు పెట్టడానికి సరిపడా సాక్ష్యం లేదు. ఈ స్థితిని వైద్యులు “అన్‌డిఫరెన్షియేటెడ్ ఆర్థరైటిస్” అంటారు. అంటే, ఇంకా ఏ తెగో తేలని కీళ్ళవాపు అని అర్థం. డాక్టరుకు తెలియక అన్న మాట కాదు అది. చూడవలసినవన్నీ చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పిన మాట.

రుమటాయిడ్‌ను గుర్తించడానికి అమెరికా వైద్యులు 1987లో ఒక కొలబద్ద పెట్టారు. అది ఏళ్ళ తరబడి జబ్బు వున్నవారిని చూసి తయారుచేసినది గనుక కొత్తగా వచ్చినవారు అందులో పట్టేవారు కారు. 2010లో అమెరికా, ఐరోపా వైద్యులు కలిసి కొత్తది తయారుచేశారు. వాచిన కీళ్ళు ఎన్ని, రక్తంలో ప్రత్యేకమైన యాంటీబాడీలు వున్నాయా, వాపును చూపే పరీక్షలు ఎక్కువగా వున్నాయా, 6 వారాలు దాటిందా అన్న నాలుగు సంగతులకు మార్కులు వేస్తారు. మొత్తం 10. వాటిలో 6 వస్తే రుమటాయిడ్ తెగలో చేరుస్తారు.

మనం చెప్పుకున్న తల్లికి వాచిన చిన్న కీళ్ళు ఆరు, దానికి 3 మార్కులు. ఇ.ఎస్.ఆర్. ఎక్కువగా వుంది, 1 మార్కు. 6 వారాలు దాటింది, ఇంకొక మార్కు. యాంటీబాడీలు కనిపించలేదు, సున్న. మొత్తం 5. ఒక్క మార్కు తక్కువైనంత మాత్రాన ఆమె వేళ్ళలో వాపు తక్కువైందా? లేదు కదా! ఈ మార్కులు జబ్బులను తెగలుగా వర్గీకరించడానికి వేసుకున్న గీత. వైద్యం చేయాలా వద్దా అన్నది ఆ గీత ఒక్కటే నిర్ణయించదు.

ఇలా పేరు తేలనివారు తరువాత ఏమవుతారు? నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో 1993 నుండి కొత్త కీళ్ళవాపుల కోసమే ఒక వైద్యశాల నడుస్తున్నది. అక్కడి అనుభవం ప్రకారం సుమారు మూడవవంతు మందికి ఏడాదిలోపు రుమటాయిడ్‌గా తేలుతుంది. నూటికి 40 నుండి 50 మందికి వాపు దానంతటదే తగ్గిపోతుంది. మిగిలినవారికి వేరే పేరు వస్తుంది, లేదా పేరు లేకుండానే వాపు కొనసాగుతుంది. కనుక ఈ మాట విని భయంతో కుంగిపోనక్కరలేదు. “దానంతటదే పోతుందిలే” అని ఊరుకోవడానికీ వీలులేదు. మీరు ఏ గుంపులో వున్నారో మొదటిరోజు ఎవరూ ఖాయంగా చెప్పలేరు.

పరీక్షలు చెప్పేవి, చెప్పనివి

డాక్టరుగారు ముందు అడిగేవి ప్రశ్నలే. ఈమధ్య జ్వరం వచ్చిందా? 2006లో మన రాష్ట్రంలో చికున్‌గున్యా ఊళ్ళకు ఊళ్ళను పడకేయించింది. జ్వరం నాలుగు రోజుల్లో పోయినా కీళ్ళవాపు నెలల తరబడి పీడించిన సంగతి మనవారు మరచిపోలేదు. అది అచ్చం రుమటాయిడ్‌లా కనిపించగలదు. కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి, సి వైరస్‌లు, క్షయ, కుష్ఠు కూడా కీళ్ళను వాపించగలవు. చర్మంమీద పొలుసులు, గోళ్ళలో గుంటలు, కళ్ళు ఎర్రబడటం, నోటిపూత, ఎండకు మొహంమీద దద్దు, నీళ్ళవిరేచనాల తరువాత మొదలైన వాపు, వీటిలో ఏది వున్నా దాచకుండా చెప్పాలి. ఇంట్లో ఎవరికైనా ఇలాంటి జబ్బు వుందేమో కూడా చెప్పాలి.

ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. అనే పరీక్షలు ఒంట్లో వాపు ఏ మేరకు వుందో చెబుతాయి. ఎక్కడ, ఎందుకు అని చెప్పవు. ఆర్.ఎ. ఫ్యాక్టరు పరీక్ష గురించి మనలో పెద్ద అపోహ వుంది. అది పాజిటివ్ వస్తే రుమటాయిడ్ వున్నట్టే, నెగటివ్ అయితే లేనట్టే అనుకుంటాం. రెండూ తప్పే. ఆరోగ్యంగా వున్న వృద్ధులలోనూ, క్షయ, హెపటైటిస్ సి వున్నవారిలోనూ అది పాజిటివ్ రావచ్చు. నిజంగా రుమటాయిడ్ వున్నవారిలో కొందరికి ఎప్పటికీ నెగటివ్‌గానే వుండవచ్చు. యాంటీ సి.సి.పి. అనే పరీక్ష ఇంతకంటె నమ్మదగినది. పేరు తేలని వాపు వున్నవారిలో ఇది పాజిటివ్ అయితే ముందుముందు రుమటాయిడ్‌గా మారే అవకాశం ఎక్కువ.

ఎ.ఎస్.ఓ. అనే మరొక పరీక్ష వుంది. గొంతులో ఒక రకం సూక్ష్మక్రిమి గతంలో సోకిందని మాత్రమే అది చెబుతుంది. పిల్లల్లో గుండెకు హాని చేసే రుమాటిక్ జ్వరాన్ని గుర్తించడంలో దానికి విలువ వుంది. అయితే చేతివేళ్ళు వాచిన పెద్దవారిలో ఆ అంకె ఒక్కదాన్నే చూసి నెలనెలా పెన్సిలిన్ సూదులు వేయించుకుంటూ విలువైన కాలం పోగొట్టుకునేవారున్నారు. అంకెకు కాదు, మనిషికి వైద్యం జరగాలి.

మొదట్లో ఎక్స్‌రే బాగానే వుండవచ్చు. “ఎక్స్‌రేలో ఏమీ లేదు” అంటే జబ్బు లేదని కాదు, ఎముక ఇంకా చెడలేదని. అది శుభవార్త. ఆ శుభవార్త అలాగే నిలవాలనే వైద్యం. పొర వాపు ముందుగా కనబడేది అల్ట్రాసౌండులో.

పేరు తేలకముందే మందు ఎందుకు?

ఇప్పుడు ఆ భర్త ప్రశ్నకు వద్దాం. పేరు తేలని జబ్బుకు మందేమిటి?

ఇల్లు అంటుకుంటే ముందు నీళ్ళు పోస్తాం. పొయ్యినుండి లేచిందా, దీపంనుండి లేచిందా అని తేలేదాకా కడవ పట్టుకుని నిలబడం. వాపు వేరువేరు కారణాలతో వచ్చినా, నెలల తరబడి నిలిస్తే కీలుకు చేసే హాని ఒకటే. అందుకే 2016 నాటి ఐరోపా సూచనలలో, వాపు నిలిచిపోయే ప్రమాదం వున్నవారికి, ఏ జబ్బు కొలబద్దకూ సరిపోకపోయినా, వీలైతే 3 నెలలలోపే జబ్బును అదుపుచేసే మందు మొదలుపెట్టాలని చెప్పారు. ప్రమాదం వుందని ఎలా తెలుస్తుంది? వాచిన కీళ్ళ సంఖ్యనుబట్టి, ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి.లనుబట్టి, యాంటీబాడీలనుబట్టి, ఎక్స్‌రే, అల్ట్రాసౌండులనుబట్టి. ఆరు కీళ్ళు పది వారాలుగా వాచివున్న ఆ తల్లికి డాక్టరుగారు అదే రోజు మందు రాయడానికి కారణం ఇదే.

నొప్పి మాత్రలకూ ఈ మందులకూ తేడా వుంది. నొప్పి మాత్ర బాధను కప్పుతుంది, ఎముకను కాపాడలేదు. ఎక్కువకాలం మింగితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. జబ్బును అదుపుచేసే మందులు వాపు మూలంమీద పనిచేస్తాయి. ఫలితం కనబడటానికి 6 నుండి 12 వారాలు పడుతుంది. రెండు వారాలు చూసి “పనిచేయలేదు” అని మానేయడం, విత్తిన వారానికే కోతకు వెళ్ళడం లాంటిది.

వాటిలో మొదట చెప్పుకోవలసినది మెతొట్రెక్సేట్. ఈ మందుతో మనకు బంధుత్వం వుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా వెళ్ళారు. తరువాత లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందం ఆయనదే. ఆ విటమిన్ పనిని అడ్డగించే అమినాప్టెరిన్, మెతొట్రెక్సేట్ కూడా అక్కడివే. 1948లో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ వున్న పిల్లలకు అమినాప్టెరిన్‌తో తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగించినట్టు ప్రకటించారు. అదే ఏడాది సుబ్బారావుగారు కన్నుమూశారు. 1951లో ఈ జాతి మందును కీళ్ళవాపులో వాడి చూశారు. 1980లలో జరిగిన పరీక్షల తరువాత, 1988లో అమెరికా ప్రభుత్వం రుమటాయిడ్‌కు మెతొట్రెక్సేట్‌ను అనుమతించింది. నేటికీ కీళ్ళవాపు వైద్యానికి అదే మూలస్తంభం, పైగా చవకైన మందు.

“క్యాన్సర్ మందంట” అని ఎవరో చెప్పగానే చాలామంది హడలిపోతారు. క్యాన్సర్‌కు ఇచ్చే మోతాదు ఎన్నో రెట్లు ఎక్కువ. కీళ్ళకు ఇచ్చేది వారానికి సాధారణంగా 7.5 నుండి 25 మిల్లీగ్రాములు.

ఈ మందు ఎంత మేలు చేస్తుందో కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. నెదర్లాండ్స్ వైద్యులు 2007లో ప్రకటించిన ఒక పరీక్షలో పేరు తేలని వాపు వున్న 110 మందిని రెండు సమభాగాలు చేసి, ఏడాదిపాటు 55 మందికి మెతొట్రెక్సేట్, 55 మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. రెండున్నరేళ్ళకు మందు వేసుకున్నవారిలో 22 మందికి, వేసుకోనివారిలో 29 మందికి రుమటాయిడ్‌గా మారింది. ఎక్స్‌రేలో ఎముక చెడటం కూడా మందు వేసుకున్నవారిలో తక్కువమందికే కనబడింది. అయితే ఈ మేలు యాంటీ సి.సి.పి. వున్నవారిలోనే స్పష్టంగా కనిపించింది. అంటే ఇది జబ్బును వేరుతో పెరికే మంత్రం కాదు. వాపును అణచి, కీలును కాపాడే సాధనం. ఎవరికి ఏ మందు, ఎంతకాలం అన్నది మనిషినిబట్టి వుంటుంది. పొరుగామె చీటీతో మీరు మందు కొనుక్కోకూడదు.

వారానికి ఒక్కరోజే!

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. కీళ్ళజబ్బుకు మెతొట్రెక్సేట్ వేసుకోవలసింది వారానికి ఒక్కరోజు. రోజూ కాదు. పొరపాటున రోజూ మింగితే నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం పోయే ప్రమాదం వుంది. చదువురాని పెద్దలున్న ఇంట్లో ఈ పొరపాటు తేలికగా జరుగుతుంది. ఒక రోజు ఖాయం చేసుకోండి. ఆదివారం ఆరాధనకు వెళ్ళివచ్చి భోజనం చేశాక వేసుకునే అలవాటు మన ఇళ్ళకు సులభం. మందు పట్టీమీద “ఆదివారం” అని పెద్ద అక్షరాలతో రాయండి. క్యాలెండరులో గుర్తుపెట్టండి. ఒకవారం మరచిపోతే మరుసటివారం రెట్టింపు వేసుకోకూడదు.

దీనితోపాటు ఫోలిక్ ఆమ్లం మాత్ర వేరే రోజు వేసుకోమంటారు. నోటిపూత, వికారం వంటి బాధలను అది తగ్గిస్తుంది. అడ్డగించే మందూ, ఆ విటమినూ ఒకే ప్రయోగశాలనుండి వచ్చి నేడు ఒకే చీటీలో చేరాయి.

గర్భంలోని బిడ్డకు మెతొట్రెక్సేట్ హాని చేస్తుంది. పిల్లలు కావాలనుకునే స్త్రీలు ముందుగానే డాక్టరుకు చెప్పాలి. సిగ్గుపడవలసిన విషయం కాదు. మన తల్లిని కూడా అడిగారు, ఆమెకు కుటుంబ నియంత్రణ ఆపరేషను అయింది. సారా, కల్లు, బ్రాందీ ఏదైనా ఈ మందుతో కలిస్తే కాలేయం చెడుతుంది. కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ దీనితో కలవకూడదు. కనుక వేరే జబ్బుకు ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా ఈ చీటీ చూపించాలి.

హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్ అనే మందులను కూడా విడిగానో, కలిపో ఇస్తారు. మొదటిది ఏళ్ళ తరబడి వాడేవారు కంటి పరీక్ష చేయించుకుంటూ వుండాలి.

సూది మహిమ

ఊళ్ళో వేసిన సూదికి రెండు రోజులు హాయి ఎందుకు కలిగింది? అలాంటి సూదుల్లో తరచుగా స్టెరాయిడ్ వుంటుంది. 1948లో అమెరికాలో డాక్టర్ ఫిలిప్ హెంచ్ మొదటిసారి కార్టిసోన్ ఇచ్చినప్పుడు మంచంపట్టిన రోగి లేచి నడిచింది. 1950లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ తరువాతే దాని రెండవ ముఖం బయటపడింది. మొహం ఉబ్బడం, చక్కెరజబ్బు, ఎముకలు గుల్లబారడం, అణగివున్న క్షయ తిరగబడటం. నేడు నిపుణులు దానిని తక్కువ మోతాదులో, తక్కువకాలం, అసలు మందు పనిలోకి దిగేదాకా వంతెనలా వాడతారు. పేరులేని పొడులు, పొట్లాల మాత్రలు “ఒక్కపూటలో గుణం” చూపిస్తే అనుమానించండి. అలాంటివాటిలో స్టెరాయిడ్ కలిపి అమ్మడం మామూలు. చాలాకాలంగా వాడుతున్నవారు ఒక్కసారిగా మానకూడదు, అదీ ప్రమాదమే. డాక్టరుకు చెప్పి మెల్లగా తగ్గించుకోవాలి.

కనిపెట్టి వుండాలి

మందు రాయడంతో పని అయిపోదు. రెండు సంగతులు కనిపెట్టాలి, జబ్బు తగ్గుతున్నదా, మందు హాని చేస్తున్నదా.

జబ్బు కొలవడానికి డాక్టర్లు భుజాలు, మోచేతులు, మణికట్లు, వేళ్ళు, మోకాళ్ళు కలిపి 28 కీళ్ళను పరీక్షిస్తారు. వాచినవి ఎన్ని, నొప్పి వున్నవి ఎన్ని, ఇ.ఎస్.ఆర్. ఎంత, రోగి తన ఆరోగ్యానికి తానే ఎన్ని మార్కులు వేసుకుంటున్నారు అన్నవి కలిపి ఒక అంకె కడతారు. అది 2.6కు తక్కువైతే జబ్బు అణగినట్టు. 5.1 దాటితే తీవ్రంగా వున్నట్టు. అనుకున్న చోటికి చేరేదాకా నెలకో, రెండు మూడు నెలలకో ఒకసారి చూపించుకుంటూ మందు సరిచేయించుకోవాలి. ఇంటివద్ద పిల్లల నోటుపుస్తకం ఒకటి చాలు. ఉదయం బిగుతు ఎన్ని నిమిషాలు, ఏ కీళ్ళు వాచాయి, మాత్ర ఏ రోజు వేశారు అన్నవి రాయండి. డాక్టరుకు అది ఎంతో ఉపయోగం.

మెతొట్రెక్సేట్ మొదలుపెట్టేముందు రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాలు, హెపటైటిస్ బి, సి, ఛాతీ ఎక్స్‌రే చూస్తారు. తరువాత మొదట్లో 2 నుండి 4 వారాలకొకసారి, కుదుటపడ్డాక 2 లేక 3 నెలలకొకసారి రక్తపరీక్ష చేయించాలి. “బాగానే వుంది కదా, డబ్బు దండుగ” అని మానకూడదు. కాలేయానికి దెబ్బ తగిలినా మొదట్లో నొప్పి తెలియదు. జ్వరం, నోటిపుండ్లు, పొడిదగ్గుతో ఆయాసం, కళ్ళు పచ్చబడటం, ఒంటిమీద రక్తపు చుక్కలు, నల్లని విరేచనం వీటిలో ఏది కనిపించినా తరువాతి మాత్ర వేసుకోకుండా వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

పేరు కూడా ప్రతిసారీ కొత్తగా వెతకవలసినదే. ఆరునెలల తరువాత చర్మంమీద పొలుసు లేస్తే సోరియాసిస్ అని తేలవచ్చు. ఊద ఎదిగి కంకి వేసినట్టు, జబ్బు తన గుర్తు చూపిస్తుంది. అప్పుడు మందు మారవచ్చు.

ఇంటివారి వంతు

వంకాయ, బంగాళాదుంప వాతం చేస్తాయని తల్లి నోరు కట్టేయకండి. ఈ జబ్బుకు ప్రత్యేకమైన పథ్యం లేదు. పప్పు, ఆకుకూర, చేప, గుడ్డు అన్నీ తినవచ్చు. మానవలసింది పొగ. చుట్ట, బీడీ, సిగరెట్టు రుమటాయిడ్ వచ్చే అవకాశాన్ని పెంచుతాయి, మందుల పనిని తగ్గిస్తాయి. ఉదయం గోరువెచ్చని నీళ్ళలో చేతులు పెట్టి వేళ్ళు ముడిచి చాపడం మంచిది. వాపు ఎక్కువగా వున్న రోజుల్లో బిందెలు మోయడం, బట్టలు పిండడం కొడుకులూ భర్తా పంచుకోవాలి. “పనికి బద్ధకం” అన్న మాట ఇంట్లో వినబడకూడదు. ఈ వాపు బయటివారికి కనబడనప్పుడు కూడా నిజమే.

హైదరాబాదు నిమ్స్‌లో, వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఈ జబ్బులకు ప్రత్యేక విభాగాలున్నాయి. అంత దూరం ప్రతిసారీ వెళ్ళలేనివారు, అక్కడ వైద్యం ఖాయం చేయించుకుని, రక్తపరీక్షలు దగ్గరి ఊళ్ళో చేయించుకునే ఏర్పాటు అడిగి తెలుసుకోవచ్చు.

ఇక ఆ తల్లి సంగతి. బస్టాండులో తర్జనభర్జన అయ్యాక భార్యాభర్తలు తిరిగి డాక్టరుగారి దగ్గరకే వెళ్ళి అడగవలసినవన్నీ అడిగారు. ఆయన విసుక్కోలేదు. మందు మొదలైంది. రెండు నెలలు పెద్ద తేడా లేదు. మూడో నెలలో ఉదయం బిగుతు పావుగంటకు దిగింది. ఏడాది గడిచేసరికి వాపు లేదు, ఎక్స్‌రేలో ఎముకలు చెక్కుచెదరలేదు. ఉంగరం వేలికి వదులైంది.

“ఇప్పుడైనా పేరు తేలిందా అండీ?” అని భర్త అడిగాడు.

“తేలలేదు. మందు వల్ల తగ్గిందో, తగ్గేదే తగ్గిందో కూడా ఖాయంగా చెప్పలేను. కాని ఈ ఏడాది మీరు ఊరుకుని వుంటే, ఆ వేళ్ళను పందెం కాసినట్టయ్యేది” అన్నారు డాక్టరుగారు. మందు మెల్లగా తగ్గిస్తూ, మూడు నెలలకొకసారి రమ్మన్నారు. వాపు తిరగబడితే వెంటనే రమ్మన్నారు.

పాఠకులారా, మీ ఇంట్లోగాని, మీ సంఘంలోగాని వేళ్ళు వాచి, ఉదయంపూట పిడికిలి బిగించలేనివారు ఎవరైనా వున్నారా? వారు ఎన్ని వారాలుగా అలా వున్నారో ఈ రోజే అడగండి. ఆరు వారాలు దగ్గరపడుతుంటే డాక్టరు దగ్గరకు తోడు వెళ్ళండి. పేరు తరువాత తేలుతుంది.